పరుగుకు ఇయర్‌ఫోన్స్ కొంటున్నారా? రోడ్డుకు, ఎండకు, చెవికి సరిపడేవి ఎంచుకోండిలా

ఫజ్ర్ నమాజు అయ్యాక, ఇంకా పూర్తిగా తెల్లారకముందే ఆలూరులో పరుగు మొదలవుతుంది. కొందరు ఖాళీ మైదానాల్లో తిరుగుతారు. మరికొందరు ఆదోని వైపో, బళ్లారి వైపో రోడ్డు అంచున పరిగెడతారు. షుగర్ ఉందని డాక్టర్ నడవమన్న పెద్దవాళ్లు ఉంటారు, బరువు తగ్గాలనుకునే ఆడవాళ్లు ఉంటారు. పోలీసు, ఆర్మీ ఉద్యోగాల కోసం ‘ఈవెంట్స్’కు సిద్ధమయ్యే కుర్రాళ్లు మాత్రం ఎప్పుడూ ఉంటారు. వీళ్లలో చాలామంది చెవుల్లో ఇప్పుడు ఇయర్‌ఫోన్స్ కనిపిస్తున్నాయి. ఒకరు ఖురాన్ తిలావత్ వింటుంటే ఇంకొకరు నాత్‌లు వింటారు, మరొకరు కరెంట్ అఫైర్స్ క్లాసు పెట్టుకుంటారు.

వినడం మంచిదే. కానీ బస్సులో కూర్చుని వినడానికి కొన్న ఇయర్‌ఫోన్స్ పరుగుకు పనికొస్తాయని అనుకోకూడదు. నాలుగు అడుగులకే జారిపోతాయి, చెమటకు పాడవుతాయి. అన్నింటికంటే ముఖ్యం, వెనక నుంచి వచ్చే లారీ హారన్ వినపడదు. వెయ్యి రూపాయలు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. వినికిడి పోతే తిరిగి రాదు. అందుకే కొనే ముందు ఏం చూడాలో ఇంట్లో అందరూ తెలుసుకోవడం మంచిది.

మొదట అడగాల్సిన ప్రశ్న: ఎక్కడ పరిగెడతారు?

షాపులో అందరూ ముందు ‘బేస్ ఎలా ఉంది?’ అని అడుగుతారు. పరుగు కోసం కొనేవాళ్లు అడగాల్సింది అది కాదు. ఎక్కడ పరిగెడతారు, ఎంతసేపు, ఎంత చెమట పడుతుంది అనేవి ముందు తేల్చుకోవాలి.

ఆలూరు మీదుగా వెళ్లేది 167వ నంబరు జాతీయ రహదారి. కర్ణాటకలోని హగరి దగ్గర మొదలై ఆలూరు, ఆదోని, రాయచూరు మీదుగా తెలంగాణలోకి వెళ్తుంది. పగలూ రాత్రీ లారీలు, బస్సులు, ట్రాక్టర్లు తిరిగే దారి. ఇలాంటి రోడ్డు అంచున పరిగెత్తేవారికి చెవులు మూసేయని ఇయర్‌ఫోన్స్ కావాలి. నాలుగు గోడల మధ్య జిమ్‌లో, ఇంట్లో ట్రెడ్‌మిల్ మీద చేసేవారికి చెవి మూసుకుపోయినా ఇబ్బంది లేదు. మైదానంలో రౌండ్లు కొట్టేవారిది మధ్యరకం పరిస్థితి. బండ్లు ఉండవు కానీ పక్కన పరిగెత్తేవాళ్లు, క్రికెట్ బంతులు, కుక్కలు ఉంటాయి.

ఎన్ని రకాలున్నాయి?

వైరు ఉన్నవి: ధర తక్కువ, ఛార్జింగ్ గొడవ లేదు. పరుగులో వైరు చొక్కాకు రాసుకుంటూ ఉంటే ఆ రాపిడి ‘టకటక’మని చెవిలోకి వస్తుంది. చెయ్యి తగిలితే ఊడిపోతుంది. వైరును చొక్కాకు క్లిప్‌తో పెట్టుకుంటే ఈ బాధ కొంత తగ్గుతుంది. కొత్త ఫోన్లు చాలావాటిలో వైరు పెట్టే రంధ్రం లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. నడకకు మాత్రం ఇవి చాలు.

నెక్‌బ్యాండ్: మెడ చుట్టూ పట్టీ, దానికి రెండు ఇయర్‌ఫోన్స్. చెవిలోంచి జారినా కింద పడవు, మెడకే వేలాడతాయి. బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. ఒక్కటి పోతే ఇంకొకటి ఏం చేసుకోవాలన్న బెంగ లేదు. తక్కువ ఖర్చులో పరుగు మొదలుపెట్టేవారికి ఇది గట్టి ఎంపిక. లోపం ఏమిటంటే, వేగంగా పరిగెత్తేటప్పుడు పట్టీ మెడ మీద ఎగురుతుంది. తేలికగా, మెత్తగా, మెడకు అతుక్కునేలా ఉన్నది చూసుకోవాలి.

పూర్తి వైర్‌లెస్ బడ్స్: రెండు విడివిడి గుళ్లు, వాటికో డబ్బా. చూడ్డానికి బాగుంటాయి, బరువు ఉండదు. పరుగుకైతే చెవి వెనక్కి వంగి పట్టుకునే కొక్కెం ఉన్నవో, చెవి మడతలో ఇరుక్కునే రబ్బరు రెక్క ఉన్నవో తీసుకోవాలి. నున్నగా, కాడలా ఉండే మామూలు బడ్స్ కొందరి చెవుల్లో నిలుస్తాయి, చాలామందికి నిలవవు. చీకట్లో రోడ్డు పక్కన కంపలో ఒక బడ్ పడితే దొరకదు.

ఓపెన్ ఇయర్ రకం: చెవి రంధ్రంలోకి దూరవు. చెవి బయట కొక్కెంతో వేలాడే చిన్న స్పీకర్లు. వింటున్నదీ వినపడుతుంది, బయటి శబ్దమూ వినపడుతుంది. రోడ్డు మీద పరిగెత్తేవారికి ఇది పనికొచ్చే రకం. బేస్ తక్కువ, గాలి ఎక్కువగా ఉంటే మాట సరిగా వినపడదు.

బోన్ కండక్షన్: ఇవి చెవికి ముందు, దవడ ఎముక మీద ఆనుకుని ఉంటాయి. శబ్దాన్ని ఎముక కదలిక ద్వారా లోపలి చెవికి పంపుతాయి. చెవి రంధ్రం పూర్తిగా తెరిచే ఉంటుంది. ఈ రకానికి ప్రపంచమంతా పేరు తెచ్చింది షాక్జ్ కంపెనీ. 2021 చివరిదాకా దాని పేరు ఆఫ్టర్‌షాక్జ్. ధర మాత్రం మామూలు బడ్స్ కంటే చాలా ఎక్కువ.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వెయ్యి, పదిహేను వందలకు ‘బోన్ కండక్షన్’ అని రాసి అమ్మేవాటిలో చాలావరకు నిజానికి చెవి పక్కన పెట్టే మామూలు స్పీకర్లే. కనుక్కోవడం తేలిక. పెట్టుకుని, పాట నడుస్తుండగా రెండు చెవుల రంధ్రాలూ వేళ్లతో మూయండి. నిజమైన బోన్ కండక్షన్ అయితే శబ్దం తగ్గదు, ఇంకాస్త గట్టిగా వినపడుతుంది. శబ్దం తగ్గిపోతే అది మామూలు స్పీకరే. దాన్ని ఆ ధరకు ఓపెన్ ఇయర్ రకంగా తీసుకోవచ్చు గానీ, పేరు చూసి ఎక్కువ డబ్బు పెట్టకూడదు.

చెమట, దుమ్ము: పెట్టె మీద అంకెలు చదవడం

పెట్టె మీద ఐపీఎక్స్4, ఐపీ55 అని రాసి ఉంటుంది. చాలామంది ‘వాటర్‌ప్రూఫ్ భాయ్’ అన్న మాట నమ్మి కొనేస్తారు. ఆ అంకెలకు అర్థం తెలిస్తే ఎవరి మాటా నమ్మాల్సిన పని లేదు.

ఐపీ తర్వాత మొదటి అంకె దుమ్ము గురించి, రెండోది నీటి గురించి చెబుతుంది. మొదటి అంకె ఉండాల్సిన చోట ఎక్స్ ఉంటే, దుమ్ము విషయంలో కంపెనీ ఏ హామీ ఇవ్వలేదని లెక్క.

నీటి అంకె 4 అయితే ఏ వైపు నుంచి నీళ్లు చిమ్మినా తట్టుకుంటుంది. మామూలు చెమటకు, తుంపరకు ఇది చాలు. 5 అయితే పైపు ధారలా పడే నీటినీ తట్టుకుంటుంది. 7 అయితే ఒక మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా పాడవకూడదు.

దుమ్ము అంకె 5 అయితే కొద్దిగా దుమ్ము దూరినా పనికి అడ్డం రాదు. 6 అయితే అసలు దూరదు.

రాయలసీమలో నీటి అంకె కంటే దుమ్ము అంకెను ఎక్కువ చూడాలి. ఆలూరు చుట్టుపక్కల వాన తక్కువ, దుమ్ము ఎక్కువ. నల్లరేగడి మట్టి ఎండాక పొడి పొడిగా లేచి చెమట తడితో కలిసి జాలీలకు పట్టేస్తుంది. నెల రోజులకు ‘ఒకవైపు సౌండ్ తగ్గింది’ అని షాపుకు తీసుకెళ్లే బడ్స్‌లో చాలావాటి సంగతి ఇదే: జాలీకి మట్టీ, చెవి గులిమీ పట్టి ఉంటాయి. అందుకని బయట పరిగెత్తేవారికి కనీసం ఐపీఎక్స్4, వీలైతే ఐపీ54 లేదా ఐపీ55 మంచిది.

ఇంకో రెండు సంగతులు. ఈ పరీక్షలు మంచినీళ్లతో చేస్తారు, చెమటలో ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పు ఛార్జింగ్ పిన్నులను తినేస్తుంది. అలాగే అంకె సాధారణంగా బడ్స్‌కే వర్తిస్తుంది, డబ్బాకు కాదు. చెమటతో తడిసిన బడ్స్‌ను అలాగే డబ్బాలో పెడితే ముందు పాడయ్యేది డబ్బానే.

చెవిలో నిలుస్తుందా? షాపులోనే చూడండి

పెట్టెలో చిన్న, మధ్య, పెద్ద సైజుల సిలికాన్ టిప్పులు ఇస్తారు. చాలామంది మధ్య సైజు పెట్టుకుని మిగతావి పారేస్తారు. అది తప్పు. ఒకే మనిషికి కుడి చెవికి ఒక సైజు, ఎడమ చెవికి ఇంకో సైజు సరిపోవడం మామూలే.

షాపులో వీలుంటే ఇలా పరీక్షించండి. పెట్టుకుని తల అడ్డంగా, నిలువుగా ఊపండి. నమిలినట్టు దవడ ఆడించండి. నిలబడిన చోటే పది గెంతులు వేయండి. జారితే అది మీ చెవికి కాదు. పక్కవాడికి బాగుందని మీకు బాగుంటుందని కాదు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, చెప్పులు కొనేటప్పుడు నాలుగడుగులు వేసి చూడమా?

చెవిని గట్టిగా బిగించే టిప్పులతో ఇంకో చిక్కుంది. అడుగు వేసినప్పుడల్లా తలలో ‘ధన్ ధన్’మని మోగుతుంది. ఊపిరి శబ్దం కూడా లోపలే వినపడుతుంది. చెవి మూసుకుపోతే శరీరంలోని శబ్దం బయటకు పోదు, అందుకే అలా మోగుతుంది. జిమ్‌లో బరువులెత్తేవారికి ఇది పట్టదు. దూరం పరిగెత్తేవారికి చిరాకు. వాళ్లకు ఓపెన్ ఇయర్ రకమే హాయి.

హిజాబ్, స్కార్ఫ్ కట్టుకునే ఆడవాళ్లకు

కంపెనీల ప్రకటనల్లో ఎవరూ చెప్పని విషయం ఇది. స్కార్ఫ్ కింద ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే అవి జారి పడవు, అది లాభం. కానీ వేలు తాకితే పనిచేసే బడ్స్ మీద బట్ట ఒత్తుకుంటే తనంతట తానే పాట ఆగుతుంది, కాల్ కట్ అవుతుంది, లేదంటే ఎవరికో ఫోన్ వెళ్తుంది. అందుకని నొక్కే బటన్ ఉన్నవి తీసుకోవాలి. లేదా కంపెనీ యాప్‌లో టచ్ ఆపేసే సౌకర్యం ఉందో లేదో కనుక్కోవాలి.

నెక్‌బ్యాండ్ అయితే స్కార్ఫ్ కింద మెడ మీద సరిగ్గా ఇమిడిపోతుంది. బటన్లు మెడ దగ్గర చేతికి అందుతాయి. బోన్ కండక్షన్ పట్టీ తల వెనక నుంచి వస్తుంది కాబట్టి అండర్‌క్యాప్ పైన పెట్టి దాని మీద స్కార్ఫ్ చుట్టుకోవచ్చు. అయితే స్పీకర్ భాగం మాత్రం బట్ట మీద కాక చర్మం మీదే ఆనాలి. చెవి వెనక కొక్కెం, కళ్లద్దాల కాడ, స్కార్ఫ్ బిగింపు, మూడూ కలిస్తే పావుగంటకే చెవి నొప్పి పుడుతుంది. కళ్లద్దాలు పెట్టుకునేవారు కొక్కెం రకం కొనకముందు మూడూ కలిపి పెట్టుకుని చూడాలి.

కాల్ మాట్లాడేటప్పుడు మైకు మీద బట్ట ఉంటే అవతలివారికి మాట మసకగా వినపడుతుంది. నడుస్తూ ఇంటికి ఫోన్ చేసే అలవాటున్నవారు దీన్ని కూడా చూసుకోవాలి. పలుచటి కాటన్ లేదా జెర్సీ బట్ట అయితే చెమట ఆరుతుంది, చెవి చుట్టూ ఒరుపు రాదు.

రోడ్డు మీద ప్రాణం ముఖ్యం

చుట్టూ శబ్దాన్ని చంపేసే ‘నాయిస్ క్యాన్సిలేషన్’ బస్సులో, రైల్లో గొప్ప సౌకర్యం. రోడ్డు మీద పరుగులో అది ప్రమాదం. రోడ్డెక్కితే దాన్ని ఆపేయాలి. కొన్ని బడ్స్‌లో బయటి శబ్దాన్ని లోపలికి వినిపించే ట్రాన్స్‌పరెన్సీ మోడ్ ఉంటుంది, అది వాడుకోవచ్చు. కానీ గాలి గట్టిగా వీస్తే అందులో హోరు తప్ప ఏమీ వినపడదు. కర్నూలు, అనంతపురం జిల్లాల్లో గాలిమరలు నిలబెట్టింది ఊరికే కాదు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఇక్కడ గాలి జోరు అందరికీ తెలిసిందే. ఆ నెలల్లో మోడ్‌ను నమ్ముకోకుండా చెవే తెరిచి ఉంచుకోవాలి.

మామూలు బడ్స్ మాత్రమే ఉన్నవారు ఒక్క చెవికే పెట్టుకోవాలి. ఏ చెవికి? మన దేశంలో బండ్లు ఎడమవైపు నడుస్తాయి. కాబట్టి కాలినడకన వెళ్లేవారు, పరిగెత్తేవారు రోడ్డుకు కుడి అంచున, ఎదురుగా వచ్చే బండ్లు కనపడేలా వెళ్లాలి. అప్పుడు రోడ్డు ఎడమ చేతి వైపు ఉంటుంది. కాబట్టి బడ్ కుడి చెవికి పెట్టుకుని ఎడమ చెవి ఖాళీగా ఉంచాలి. కొనేటప్పుడు ‘ఒక్క బడ్ విడిగా పనిచేస్తుందా?’ అని అడగండి. పాత రకాల్లో కొన్నిటికి ఒకవైపు బడ్ మాత్రమే విడిగా పనిచేస్తుంది.

ఫజ్ర్ తర్వాత చీకటి పూర్తిగా పోదు. ముదురు రంగు బట్టలు వేసుకుని, చెవులు మూసుకుని రోడ్డు మీద పరిగెత్తితే డ్రైవర్‌కు మీరు కనపడరు, మీకు డ్రైవర్ వినపడడు. లేత రంగు చొక్కా, రెండోవైపు తెరిచి ఉన్న చెవి అంటే ఖర్చు లేని జాగ్రత్తలు. సందుల్లో కుక్కలు వెంటపడితే ముందు తెలిసేది కూడా చెవికే. ఒంటరిగా నడిచే ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం.

చెవికి ఓ లెక్క ఉంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి సురక్షితంగా వినడానికి ఒక ప్రమాణం పెట్టాయి. పెద్దవారికి 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటలు, పిల్లలకు 75 డెసిబెల్స్ వారానికి 40 గంటలు. దీన్ని ఒక బడ్జెట్‌లా అనుకోవాలి. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగితే సమయం సగానికి పడిపోతుంది. 90 డెసిబెల్స్‌లో వింటే వారం మొత్తానికి 4 గంటలే. 100 దగ్గర వింటే వారానికి అరగంట కూడా లేదు.

ఇంట్లో డెసిబెల్ మీటరు ఎవరికీ ఉండదు. అందుకని గుర్తుండే కొలతలు రెండు. ఒకటి, ఫోన్ వాల్యూమ్ మొత్తంలో 60 శాతం దాటనివ్వకండి. రెండు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూడా చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మనిషి మామూలుగా మాట్లాడితే వినపడాలి. కొత్త ఫోన్ల సెట్టింగ్స్‌లో వాల్యూమ్‌కు హద్దు పెట్టే సౌకర్యం ఉంటుంది. పిల్లల ఫోన్లలో దాన్ని అబ్బానో అమ్మీనో ఒకసారి పెట్టేస్తే సరిపోతుంది.

బోన్ కండక్షన్ అయితే చెవికి హాని లేదన్న మాట నిజం కాదు. కర్ణభేరిని దాటిపోయినా శబ్దం చేరేది లోపలి చెవికే. దెబ్బతినేది అక్కడున్న సన్నటి రోమ కణాలు. అవి ఒకసారి చస్తే మళ్లీ పుట్టవు. పరుగు అయ్యాక చెవిలో ‘గుయ్’మని మోగుతుంటే, మాటలు దూరంగా వినపడుతుంటే అది హెచ్చరిక. రెండు రోజులు చెవులకు విశ్రాంతి ఇవ్వాలి. తగ్గకపోతే, చీము కారుతుంటే, నొప్పి ఉంటే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఇంట్లో నూనె పోయడం, పిన్నీసు పెట్టి గెలకడం వద్దు.

ఈవెంట్స్‌కు సిద్ధమయ్యేవారికి

ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ పోస్టులకు 1600 మీటర్ల పరుగు తప్పనిసరి. మగవారు 8 నిమిషాల్లో, ఆడవారు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి. 2022 నవంబరులో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ప్రిలిమ్స్ 2023 జనవరి 22న జరిగాయి. దేహదారుఢ్య పరీక్షలు మొదలైంది మాత్రం 2024 డిసెంబరు చివరిలో. దాదాపు రెండేళ్ల పాటు అభ్యర్థులు పరీక్ష ఎప్పుడో తెలియకుండా శరీరాన్ని సిద్ధంగా ఉంచుకోవాల్సి వచ్చింది. అంత కాలం రోజూ ఒంటరిగా పరిగెత్తాలంటే తోడుగా ఏదో ఒకటి వినాలనిపించడం సహజమే.

సంగీతం, లయ ఉన్న శబ్దం కష్టాన్ని తక్కువగా అనిపించేలా చేస్తాయని లండన్‌లోని బ్రూనెల్ యూనివర్సిటీలో కోస్టాస్ కరాజోర్జిస్ ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. అయితే ఈ లాభం నెమ్మది, మధ్యరకం పరుగులో ఎక్కువ. ఊపిరి అందనంత వేగంలో మనసు శరీరం మీదే ఉంటుంది, చెవిలో ఏముందో అంతగా పట్టదు. కాబట్టి మెల్లగా చేసే లాంగ్ రన్‌లో ఇయర్‌ఫోన్స్ వాడుకోవచ్చు. వేగం పరీక్షించుకునే రోజు తీసేయాలి.

ఇయర్‌ఫోన్స్‌కు ఇంతకంటే మంచి ఉపయోగం ఇంకొకటి ఉంది. 1600 మీటర్లు అంటే 400 మీటర్ల ట్రాక్ మీద 4 రౌండ్లు. 8 నిమిషాలు అంటే రౌండుకు 2 నిమిషాలు. ఫోన్‌లో టైమర్ యాప్ పెట్టుకుంటే ప్రతి నిమిషానికి చెవిలో చెబుతుంది. మొదటి రౌండు ఉత్సాహంలో వేగంగా కొట్టి చివరి రౌండులో కూలబడే కుర్రాళ్లకు ఈ గొంతు మంచి కోచ్‌లా పనిచేస్తుంది. దీనికి పన్నెండు వందల నెక్‌బ్యాండ్ చాలు, ఖరీదైనవి అక్కర్లేదు.

కానీ పరీక్ష రోజు చెవిలో ఏదీ ఉండదు. ప్రపంచ అథ్లెటిక్స్ నిబంధనల్లో కూడా పోటీ ప్రాంతంలో ఫోన్, రేడియో లాంటి పరికరాలు వాడటం బయటి సాయం కిందే లెక్క. పాట లేకపోతే కాలు కదలని అలవాటు పడితే ఆ రోజు నష్టపోయేది మీరే. అందుకని వారంలో కనీసం రెండు రోజులు ఏదీ లేకుండా, మీ ఊపిరి, మీ అడుగు వింటూ పరిగెత్తండి.

ఆర్మీకి వెళ్లాలనుకునేవారు ఇంకోటి గమనించాలి. వైద్య పరీక్షలో చెవులు, వినికిడి చూస్తారు. అభ్యర్థులు చెవి గులిమి తీయించుకుని రావాలని ముందే చెబుతారు. రోజూ గంటల తరబడి బడ్స్ పెట్టుకుంటే గులిమి బయటకు రాకుండా లోపలికి నెట్టుకుపోయి గట్టిపడుతుంది. పరుగులో గెలిచి చెవి దగ్గర ఆగిపోతే ఆ బాధ ఇంటిల్లిపాదిదీ.

ఏ ఆటకు ఏది?

నడకకు ఏదైనా సరిపోతుంది, చెవి తెరిచి ఉంటే చాలు. సైకిల్ తొక్కేటప్పుడు గాలి హోరు ఎక్కువ. అందులో గట్టిగా పెంచి వినడం, రోడ్డు వినకపోవడం రెండూ ప్రమాదమే. రోడ్డు మీద సైకిల్‌కు అసలు పెట్టుకోకపోవడం మేలు. జిమ్‌లో బెంచ్ మీద పడుకుంటే నెక్‌బ్యాండ్ మెడకు గుచ్చుకుంటుంది, అక్కడ బడ్స్ నయం. తాడాట, బర్పీల లాంటి గెంతులకు కొక్కెం ఉన్నవి కావాలి.

కబడ్డీ, క్రికెట్, వాలీబాల్, బాక్సింగ్‌లో ఏ రకమూ వద్దు. తోటివాడి కేక వినపడకపోవడం ఒక ఎత్తు. చెవిలో ఉన్న ప్లాస్టిక్ మీద బంతో, మోచెయ్యో తగిలితే అయ్యే గాయం ఇంకో ఎత్తు.

ఈత సంగతి ప్రత్యేకం. ఐపీఎక్స్7 అని ఉంది కదా అని బడ్స్‌తో బావిలో దూకేవాళ్లు ఉంటారు. ఆ అంకె నిశ్చలంగా ఉన్న నీళ్లలో పరీక్షించి ఇచ్చింది. ఎత్తు నుంచి దూకితే పడే ఒత్తిడి దానికంటే ఎక్కువ. పైగా బ్లూటూత్ తరంగాలు నీళ్లలో పోవు, తల మునగగానే పాట ఆగిపోతుంది. ఈతకు పాటలు లోపలే దాచుకునే ప్రత్యేక రకాలు ఉన్నాయి. ఊరి బావిలో ఈత కొట్టేవారికి మాత్రం అవి కూడా అక్కర్లేదు, గట్టు మీద నుంచి పిలిచే కేక వినపడటమే ముఖ్యం.

బ్యాటరీ, మైకు, కనెక్షన్

రోజుకు గంట పరిగెత్తేవారికి ఒక ఛార్జ్‌తో 5, 6 గంటలు వచ్చే బడ్స్ చాలు. పెట్టె మీద ‘40 గంటలు’ అని పెద్దగా రాసి ఉంటే అది డబ్బాతో కలిపిన లెక్క. బడ్స్ ఒక్కటే ఎంతసేపు వస్తాయో అడగాలి. పది నిమిషాల ఛార్జ్‌తో గంటకు పైగా పనిచేసే ఫాస్ట్ ఛార్జింగ్ ఉంటే పొద్దున్నే తొందరలో పనికొస్తుంది.

ఫోన్ ప్యాంటు వెనక జేబులో పెట్టుకుంటే కొన్నిటికి మధ్యమధ్యలో సౌండ్ తెగుతుంది. మనిషి శరీరం బ్లూటూత్ తరంగాలకు అడ్డం. చేతికి కట్టే పట్టీలోనో, ముందు జేబులోనో పెట్టుకుంటే సరిపోతుంది. ‘సరౌండ్’, ‘గేమింగ్ మోడ్’ లాంటి పేర్లకు పరుగులో విలువ లేదు. ఆ డబ్బు మంచి ఫిట్ మీద, మంచి ఐపీ అంకె మీద పెట్టండి.

కొనేటప్పుడు మోసపోకండి

వైర్‌లెస్ ఇయర్‌ఫోన్స్‌కు మన దేశంలో బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పెట్టె మీద బీఐఎస్ గుర్తు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని ఆ నంబరు కొడితే ఏ కంపెనీ పేరు మీద ఉందో వస్తుంది. పెట్టె మీద పేరు ఒకటి, యాప్‌లో ఇంకొకటి వస్తే వదిలేయండి. బళ్లారిలో, ఆదోనిలో, ఫుట్‌పాత్ మీద పెద్ద కంపెనీ బొమ్మతో రెండు, మూడు వందలకు దొరికేవి నకిలీలే అనుకోవాలి. వాటి బ్యాటరీ ఎలాంటిదో ఎవరికీ తెలియదు, పెట్టుకునేది మాత్రం చెవిలో.

బిల్లు తప్పకుండా అడగండి. వారంటీ ఎన్ని నెలలు, సర్వీస్ సెంటర్ ఎక్కడ, చెమట వల్ల పాడైతే ఇస్తారా లేదా అనేవి ముందే కనుక్కోండి. దగ్గర్లో సర్వీస్ లేని కంపెనీది కొంటే పాడైనప్పుడు పార్శిల్ పంపి వారాలు ఎదురుచూడాలి. హైదరాబాద్‌కు చెందిన మివి, ఇంకా బోట్, నాయిస్ లాంటి మన దేశపు కంపెనీల సరుకు అందుబాటు ధరల్లో దొరుకుతుంది. ఏ కంపెనీదైనా మోడల్ వారీగా ఐపీ అంకె మారుతుంది. పేరు చూసి కాదు, ఆ మోడల్ పెట్టె చదివి కొనాలి. ఆన్‌లైన్‌లో కొంటే డబ్బా తెరిచేటప్పుడు వీడియో తీసి పెట్టుకోండి. షాపువాళ్లు, కంపెనీవాళ్లు వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

వాడాక ఏం చేయాలి?

పరుగు అవ్వగానే మెత్తటి పొడి బట్టతో తుడవండి. ఆరాకే డబ్బాలో పెట్టండి. ఛార్జింగ్ పిన్నుల మీద తడి ఉండగా ఛార్జింగ్ పెట్టకండి. వారానికోసారి సిలికాన్ టిప్పులు తీసి సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. జాలీని పొడి మెత్తటి బ్రష్‌తో దులపండి. సూదితో పొడవకండి.

వుజూలో చెవులు తడుస్తాయి. మసహ్ చేసిన వెంటనే బడ్స్ పెట్టుకుంటే ఆ తడి లోపలే ఉండిపోయి దురద, ఇన్ఫెక్షన్ వస్తాయి. చెవులు బాగా ఆరాకే పెట్టుకోవాలి. స్నానం, ఈత తర్వాత కూడా అంతే. చెవిలో కాటన్ పుల్లలు పెట్టి గెలకాల్సిన పని లేదు, బయటి భాగం తుడుచుకుంటే చాలు.

ఎండాకాలం ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఎండలో నిలిపిన కారులోనో, బైక్ డిక్కీలోనో ఇయర్‌ఫోన్స్ వదిలేస్తే లిథియం బ్యాటరీ త్వరగా చస్తుంది, ఉబ్బుతుంది కూడా. ఉబ్బిన డబ్బాను మళ్లీ ఛార్జింగ్ పెట్టకూడదు.

ఇంట్లో అన్నాతమ్ముళ్లు, అక్కాచెల్లెళ్లు ఒకే జత వాడుకోవడం చాలా ఇళ్లలో ఉంది. వాడుకోవచ్చు, కానీ ఎవరి టిప్పులు వారికి వేరుగా ఉండాలి. పెట్టెలో ఇచ్చిన అదనపు టిప్పులను పారేయొద్దన్నది ఇందుకు కూడా. చెవిలో చీము, పుండు ఉన్నవారి ఇయర్‌ఫోన్స్ ఇంకెవరూ వాడకూడదు.

క్లుప్తంగా చెప్పాలంటే

రోడ్డు అంచున పరిగెత్తేవారికి ఓపెన్ ఇయర్ లేదా బోన్ కండక్షన్. అంత డబ్బు లేకపోతే ఉన్న బడ్స్‌లో ఒక్కటే, కుడి చెవికి. మైదానంలో సాధన చేసేవారికి, స్కార్ఫ్ కట్టుకునేవారికి బటన్లున్న నెక్‌బ్యాండ్. జిమ్‌కు బడ్స్. అన్నింటికీ కనీసం ఐపీఎక్స్4, దుమ్ములో తిరిగేవారికి ఐపీ54 పైన. వాల్యూమ్ 60 శాతం లోపల.

కొడుకో, కూతురో ‘అబ్బా, ఇయర్‌ఫోన్స్ కొనివ్వు’ అని అడిగితే వెంటనే వద్దనాల్సిన పని లేదు, అడిగిందల్లా కొనాల్సిన పనీ లేదు. ‘ఎక్కడ పరిగెడతావు?’ అని ఒక్క మాట అడగండి. ఏది కొనాలో ఆ జవాబులోనే తెలిసిపోతుంది.